నరసాపురం లేసు కాలర్: తిప్పి చూసి కొనండి

మెడ కొలత 16 అంగుళాలు, వెడల్పు రెండున్నర, దారం 40 నంబరు, రంగు హాఫ్ వైట్, వెనక ఒక గుండీ. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళు చేత్తో అల్లే విడి కాలర్ ఇది. జాకెట్టుకో, కుర్తీకో, పిల్లల గౌనుకో కావలసినప్పుడు తగిలించుకుని, పనయ్యాక తీసి దాచుకోవచ్చు. కొనదగ్గ వస్తువే. కాకపోతే ముందువైపు చూసి మురిసిపోయి కొంటే దెబ్బతింటారు. లేసు మంచిచెడ్డలన్నీ వెనకవైపే ఉంటాయి.

ఫ్రిల్లులు, రిబ్బన్ ముళ్ళు, లేసు కాలర్లు పెద్ద ఫ్యాషన్ సంస్థల ర్యాంపుల మీదికి మళ్ళీ వచ్చాయి. 2024లో ప్యారిస్ ఫ్యాషన్ సంస్థ క్లోయేకు డిజైనర్ చెమెనా కమాలీ చేసిన మొదటి కలెక్షన్‌లోనూ ఫ్రిల్లులు, లేసు బాగా కనిపించాయి. నరసాపురానికి మాత్రం ఈ పని 1840ల నాటిది. మిషనరీలు ఇక్కడ లేసు అల్లిక నేర్పిన ఆ దశకంలోనే ఐర్లండ్‌లో బంగాళదుంప పంట తెగులుకు పోయి కరువొచ్చింది. అక్కడి నన్లు క్రోషే, అంటే కొక్కెం సూదితో దారం అల్లే పని, నేర్పి ఆడవాళ్ళకు బతుకుతెరువు చూపించారు. పువ్వు, ఆకు విడివిడిగా అల్లి, మధ్యలో వల వేసి కలపడం ఐరిష్ క్రోషే పద్ధతి. ఈ కాలర్‌దీ అదే పద్ధతి. పూలు అల్లడం ఒక పని, వాటిని కలిపే అతుకుపని ఇంకో పని. నరసాపురం లేసుకు 2024లో జీఐ (ఫలానా ఊరి ప్రత్యేక వస్తువని ఇచ్చే భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది.

ఒక పువ్వును కంటి దగ్గర పెట్టుకుని చూడండి. ఆరు గొలుసు కుట్లు వేసి ఉంగరంలా కలుపుతారు. అందులోకి 12 పొట్టి కుట్లు దించుతారు. రెండేసి కుట్లకు ఒక గొలుసు వంపు చొప్పున ఆరు వంపులు. ఒక్కో వంపు నిండా పొట్టి, పొడవు, మళ్ళీ పొట్టి కుట్లు పడితే రేకు అవుతుంది. ఈ ఆరు రేకుల వెనక ఇంకో ఆరు వంపులు వేసి, కాస్త పెద్ద రేకులు అల్లితేనే పువ్వు ఉబ్బుగా లేస్తుంది. కొందరు ఈ రెండో వరస ఎగ్గొడతారు. ఫొటోలో తేడా తెలియదు, మెడ మీద పెట్టుకుంటే తెలిసిపోతుంది. ఈ కాలర్‌కు అలాంటి పూలు తొమ్మిది, అన్నీ రెండు వరసలవే.

చేతి లేసా, యంత్రం లేసా అన్నది వెనక్కి తిప్పితే తేలుతుంది. యంత్రం మీద కరిగిపోయే గుడ్డ పరిచి, దాని మీద దారంతో ఎంబ్రాయిడరీ చేసి, తర్వాత ఆ గుడ్డను కరిగించేస్తారు. అందులో దారం అటూ ఇటూ గీకినట్టు పడి ఉంటుంది, అంచుల్లో నూగు కనిపిస్తుంది. క్రోషేలో ఒక్కో కుట్టూ ముందరి కుట్టు కన్నంలోంచి వస్తుంది, ఆ గొలుసు కంటికి కనబడుతుంది. నిజమైన క్రోషే దాదాపు అంతా చేత్తో అల్లిందే.

అతుకుపని దగ్గరే ఎక్కువ చెడిపోతుంది. దారం కొసను ముడేసి అంగుళం లోపే కత్తిరించేస్తే నాలుగు ఉతుకులకు ముడి జారి, పువ్వు వేలాడుతుంది. కొసను సూదితో కుట్లలోకి అంగుళం పైన దూర్చి, ఒకసారి దిశ మార్చి వెనక్కి తేవాలి. మేం చూసిన కాలర్‌లో తొమ్మిది పూలలో రెండింటికి కొస పొట్టిగా ఉంది. ఉతక్కముందే అలాంటిచోట అదే రంగు దారంతో నాలుగు కుట్లు వేయించుకోండి. ఇంకో లోపం మెడ వరస బిగువు. మొదటి గొలుసు బిగించి అల్లితే కాలర్ భుజాల మీద పరుచుకోకుండా గిన్నెలా పైకి లేస్తుంది. దాన్ని ఇస్త్రీ సరిచేయలేదు. బల్ల మీద పరిచి చూడండి, లేస్తే వద్దనండి.

మెడ కొలత అంటే గొంతు చుట్టూ టేపు పెట్టి తీసేది కాదు. జాకెట్టు మెడ అంచు మీద కొలవాలి. రౌండ్ నెక్‌కు, హైనెక్‌కు ఇది బాగా కూర్చుంటుంది. వీపు లోతుగా దించిన జాకెట్టుకు నప్పదు. ముదురు రంగు పట్టుకు శాశ్వతంగా కుట్టేయొద్దు, చెమటకు రంగు దిగి లేసుకు పట్టుకుంటుంది. ఐదు టిచ్ బటన్లు చాలు. వెనక మధ్యలో మొదలుపెట్టి రెండు వైపులా సమంగా వేసుకుంటూ రండి. కాటన్ జాకెట్టుకు కుట్టేట్టయితే ముందు టాకాలు వేసి, చేత్తోనే కుట్టించండి. మిషను పాదానికి గొలుసు వంపులు తగులుకుని తెగుతాయి. జరీ ఉన్నచోట తెల్లటి తెలుపుకన్నా హాఫ్ వైటే అందం.

ఉతకడానికి గోరువెచ్చని నీళ్ళు, కొంచెం షాంపూ. కుంకుడు రసం తెల్ల దారానికి మట్టి ఛాయ పట్టిస్తుంది, బ్లీచ్ దారాన్నే తినేస్తుంది. పిండకుండా తువాలులో చుట్టి నొక్కండి. గంజికి బియ్యం గంజి వద్దు, వల కన్నాల్లో తెల్లగా పొరకడుతుంది. చెంచా సగ్గుబియ్యం రెండు గ్లాసుల నీళ్ళలో పారదర్శకంగా అయ్యేదాకా ఉడికించి, వడకట్టి, అందులో ముంచండి. తర్వాత థర్మాకోల్ షీటు మీద స్టీలు గుండుసూదులతో ఒక్కో పువ్వూ సాగదీసి గుచ్చి ఆరనివ్వండి. తుప్పు సూది మచ్చ ఒక పట్టాన పోదు. ఇస్త్రీ చేయాలంటే మందపాటి తువాలు మీద బోర్లా వేసి వెనకనుంచే, లేకపోతే రేకులు అణిగిపోతాయి. నెలల తరబడి దాచేటప్పుడు గంజి వదిలేలా ఉతికి పెట్టండి, గంజికి పురుగులొస్తాయి.

ధర దగ్గర ఒక మాట. చెయ్యి తిరిగిన మనిషి కూడా ఇలాంటి కాలర్ మీద రెండు మూడు రోజులు కూర్చోవాలి. రెండు వందలకు ఇస్తామంటే అది యంత్రం లేసైనా అయ్యుండాలి, అల్లిన మనిషికి కూలి ముట్టకుండానైనా వచ్చుండాలి. ఇంటిపట్టున తీరికవేళ చేసే పనే కదా అంటూ ఈ కూలిని తరతరాలుగా తొక్కిపెట్టారు. అల్లేవాళ్ళ సంఘాల దగ్గర నేరుగా కొనే వీలుంటే అక్కడే కొనండి, బేరమాడొద్దు.

ఆర్డరిచ్చేటప్పుడు జాకెట్టు మెడ కొలత, మెర్సరైజ్డ్ (మెరుపు, గట్టిదనం వచ్చేలా శుద్ధి చేసిన) కాటన్ 40 నంబరు దారం, రెండు వరసల రేకులు, కొసలు లోపలికి దూర్చడం, ఇవి రాసి పంపండి. అదే దారం రెండు మూడు మీటర్లు విడిగా అడిగి తీసుకోండి. ఎప్పుడైనా వల తెగితే, వేరే బ్యాచ్ హాఫ్ వైట్ దీనితో కలవదు.