రిస్టోర్ అనాలా, రెనోవేట్ అనాలా?

విజయనగరంలో తాతల నాటి పెంకుటిల్లు ఉందనుకుందాం. పగిలిన నాటు పెంకుల స్థానంలో వెతికి తెచ్చిన అలాంటి పెంకులే నేయించి, టేకు తలుపు మీది రంగుల పొరలు గీకించి, గోడలకి సిమెంటు పూయకుండా సున్నమే కొట్టిస్తే అది రిస్టోర్. అదే ఇంట్లో నేలకి టైల్స్ పరిచి, వంటింట్లో గ్రానైటు గట్టు పెట్టి, అటాచ్డ్ బాత్రూమ్ కలిపితే రెనోవేట్. కారేచోట నాలుగు పెంకులు మార్చి ఊరుకుంటే ఉత్త రిపేరు.

టైల్స్ వేసిన ఇంటికి కూడా రిస్టోర్ అని రాసేస్తుంటారు, గొప్పగా వినిపిస్తుందని. నా ఓటు అక్కడ రెనోవేట్‌కే. 'కొత్త' అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చిందది. ఇల్లు ముందెలా ఉండేదో దానికి అక్కర్లేదు. రిస్టోర్‌కి అలా కుదరదు. ఉన్నది పోవాలి, పోయింది తిరిగి రావాలి.

2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానం ఊళ్లలో కరెంటు తిరిగొచ్చిన సంగతి రాయాలంటే 'పవర్ వజ్ రిస్టోర్డ్' ఒక్కటే దారి. స్తంభాలు కొత్తవి పాతినా సరే, జనానికి తిరిగొచ్చింది సరఫరా కదా! స్తంభాలకైతే రీప్లేస్. కూలిన కొబ్బరి చెట్లకి ఈ రెండూ కాదు, రీప్లాంట్ అనాలి. తోట మళ్లీ మునుపటి కాపుకి వచ్చిన రోజున రిస్టోర్ అన్నా తప్పులేదు.

ఈ తేడా పింఛనుదారులకి ఎవరూ చెప్పక్కర్లేదు. రిటైరయ్యేటప్పుడు పింఛనులో కొంత కమ్యూట్ చేసి ఒకేసారి డబ్బు తీసుకుంటే, నెలనెలా ఆ మేరకు కోత పడుతుంది. 15 ఏళ్లకు కోత ఆగి పూర్తి పింఛను రావడమే రెస్టోరేషన్. అక్కడ రెనోవేషన్ అని పెట్టి చూడండి, నవ్వొస్తుంది.

వాక్యంలో మాత్రం కొంచెం జాగ్రత్త. ఎవరికి, లేదా ఏ స్థితికి అనేది 'టు' తర్వాత రావాలి: 'రిస్టోర్డ్ టు ద విలేజ్', 'రిస్టోర్డ్ టు ఇట్స్ ఒరిజినల్ కండిషన్'. కొత్త ఫోనులోకి పాత ఫోటోలు తెచ్చుకునేటప్పుడు 'ఫ్రమ్ బ్యాకప్'. 'రిస్టోర్ బ్యాక్' అని ఎక్కడా రాయకండి. ఆ 'బ్యాక్' దండగ.