రక్త కల్చర్ సేవ: ఐసీయూ వైపు నుంచి ఒక సమీక్ష

మా ఆసుపత్రి ఐసీయూ నుంచి రక్త నమూనాలు వెళ్లే ల్యాబ్ పనితీరును ఏడాదికి పైగా గమనించిన మీదట, చిన్న ఆసుపత్రులు నడిపే తోటి వైద్యులకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. రోగి చేరిన 48 గంటల తరువాత, అందులోనూ మెడలోని పెద్ద సిరలోకి వేసిన గొట్టం (సెంట్రల్ లైన్) ఉన్నవారికి, చలి వణుకుతో వచ్చే జ్వరం ఆసుపత్రిలోనే రక్తానికి సోకిన ఇన్‌ఫెక్షన్ కావచ్చు కాబట్టి, కల్చర్ (రక్త నమూనాలో బ్యాక్టీరియాను పెంచి గుర్తించే పరీక్ష) ఫలితం ఎంత త్వరగా, ఎంత స్పష్టంగా అందుతుందన్నదే నా కొలమానం.

త్వరగా అందించడంలో వీరికి వంక పెట్టలేము. సీసాలో బ్యాక్టీరియా పెరుగుతోందని యంత్రం చూపగానే గ్రామ్ స్టెయిన్ (బ్యాక్టీరియా ఏ తరహాదో తెలిపే రంగు పరీక్ష) చేసి, అర్ధరాత్రయినా ఫోన్ చేస్తారు. ఒక రోగి విషయంలో "గ్రామ్ నెగెటివ్ బాసిల్లై" (కడ్డీ ఆకారపు బ్యాక్టీరియాలో ఒక తరహా) అన్న ఒక్క మాటతోనే మందు మార్చగలిగాము. అది క్లెబ్సియెల్లా న్యుమోనియే అనీ, బలమైన యాంటీబయాటిక్ అయిన మెరోపెనెమ్‌కు లొంగదనీ పూర్తి రిపోర్టు తరువాత వచ్చింది. పాశ్చాత్య దేశాల్లో ఈ ఇన్‌ఫెక్షన్లకు స్టెఫైలోకాకస్ జాతులు ప్రధాన కారణం కాగా, మన ఐసీయూల్లో క్లెబ్సియెల్లా, ఎసినెటోబాక్టర్‌లదే పైచేయి.

లైన్ నుంచి, చేతి సిర నుంచి ఒకేసారి తీసిన సీసాల్లో ఏది ఎప్పుడు పాజిటివ్ అయిందో కూడా రిపోర్టులో ముద్రిస్తారు. లైన్ సీసా కనీసం రెండు గంటలు ముందుంటే అనుమానం లైన్ మీదికే పోతుంది. (రెండింటిలోనూ రక్తం సమానంగా నింపవలసిన బాధ్యత మాత్రం మనదే.)

రిపోర్టు రాసే తీరు నాకు నచ్చలేదు. ఒక్క సీసాలో మాత్రమే కోయాగ్యులేజ్ నెగెటివ్ స్టెఫైలోకాకస్ పెరిగినప్పుడు, అది నిజమైన ఇన్‌ఫెక్షన్ కాక, నమూనా తీసేటప్పుడు చర్మం మీది నుంచి చేరినది కావచ్చన్న వ్యాఖ్య ఏదీ లేకుండా పొడవాటి యాంటీబయాటిక్ పట్టిక జోడించి పంపుతారు. అది చూసి డ్యూటీ డాక్టరు వాంకోమైసిన్ మొదలుపెడతారు. కిడ్నీలు అంతంతమాత్రంగా ఉన్న రోగికి అది తేలికైన మందు కాదు. స్టెఫైలోకాకస్ ఆరియస్ అయితే ఒక్క సీసాలో వచ్చినా పట్టించుకోవలసిందే. ఈ తేడాను మైక్రోబయాలజిస్టు ఒక వాక్యంలో రాస్తే చాలు.

ఇక ఆదివారం మధ్యాహ్నం దాటితే నమూనాలు తీసుకెళ్లే మనిషి రాడు. సీసాలు మర్నాటి దాకా మా దగ్గరే ఉండిపోతాయి. అంత ఆలస్యంగా యంత్రంలో పెట్టిన సీసాల సమయాల తేడాను నమ్మి లైన్ తీయాలో ఉంచాలో నేను నిర్ణయించను. ఐదుకు మూడున్నర.