‘థిన్’ అనాలా, ‘గాంట్’ అనాలా? – మెరియం-వెబ్‌స్టర్ పర్యాయపద నిఘంటువు

ఇంగ్లీషు పర్యాయపదాల పుస్తకాలలో చాలావరకు ఉత్త జాబితాలే. 1852లో పీటర్ మార్క్ రోజే అనే వైద్యుడు వెలువరించిన థిసారస్ మాటలను భావాల వారీగా ఒకచోట చేర్చింది. నోటిదాకా వచ్చి ఆగిపోయిన మాటను పట్టుకోవడానికి నేటికీ అంతకు మించిన సాధనం లేదు. అయితే పక్కపక్కనే ఉన్న రెండు మాటలకు తేడా ఎక్కడుందో అది చెప్పదు. ఆ తేడాను విడమరచడమే పనిగా పెట్టుకున్నది మెరియం-వెబ్‌స్టర్ వారి పర్యాయపద నిఘంటువు. 1942లో తొలిసారి అచ్చయి, ఆ తర్వాత సవరణలు పొందిన ఈ గ్రంథం ఎంత పనికొస్తుందో తెలుసుకోవడానికి ‘థిన్’ అన్న చిన్న మాట చాలు.

థిన్‌తో పాటు స్లెండర్, స్లిమ్, స్లైట్, టెన్యువస్ ఒకే చర్చలో వస్తాయి. స్లెండర్‌లో సన్నదనంతో పాటు పొందిక, సొగసు ఉన్నాయి. స్లిమ్ దానికి దగ్గరిదే అయినా కొరతను కూడా సూచించగలదు కనుక, అంతంతమాత్రపు ఆశను ‘స్లిమ్ హోప్’ అంటారు. టెన్యువస్ మరీ పలుచనిది. సాలెగూటి పోగుకూ, పట్టు లేని వాదనకూ సమానంగా సరిపోతుంది.

ఒంటి సన్నదనం గురించిన మాటలను ‘లీన్’ కింద విడిగా చర్చించారు. నా దృష్టిలో ఈ పుస్తకం విలువ తెలిసేది అక్కడే. లీన్ అంటే ఒంట్లో కొవ్వు లేదని మాత్రమే అర్థం, అందులో నింద లేదు. మితాహారం వల్లనో నిత్య వ్యాయామం వల్లనో వచ్చిన సన్నదనం స్పేర్. సన్నదనానికి పొడవు తోడైతే లాంక్. స్కిన్నీ, స్క్రానీ అనే రెండింటిలోనూ సత్తువ లేదన్న ధ్వని ఉంది. అతిశ్రమతోనో బాధతోనో చిక్కిపోయిన మనిషి గాంట్. రాబోన్డ్ అన్నప్పుడు ఎముకలు తేలిన మోటు శరీరం కనిపిస్తుందే గాని, తిండి లేదన్న సూచన ఉండదు. మనిషి ఎందుకు చిక్కాడో విశేషణమే చెప్పేస్తుందని ఇంత స్పష్టంగా చూపే పుస్తకం అరుదు.

లోపాలు లేకపోలేదు. ఉదాహరణలు ఎక్కువగా సాహిత్యం నుంచి తీసుకున్నవి కావడం వల్ల నేటి వాడుక భాష వాటిలో అంతగా వినిపించదు. ఎదుటివారి ముఖం మీద ఏ మాట అంటే నొచ్చుకుంటారో తెలుసుకోవాలంటే వేరే నిఘంటువు చూడవలసిందే. పైగా, ‘థిన్’ దగ్గర మొదలుపెట్టిన పాఠకుడు ‘లీన్’ కోసం మళ్లీ పేజీలు తిప్పాలి.

అదే సంస్థ ఆన్‌లైన్ నిఘంటువులో ‘చూజ్ ద రైట్ సినానిమ్’ అన్న శీర్షిక కింద ఇలాంటి వివరణలే క్లుప్తంగా, ఉచితంగా దొరుకుతాయి. పుస్తకం కొనదలచినవారు ముందుగా అక్కడ ‘లీన్’ చదివి, అంత సూక్ష్మమైన తేడాలు తమ రాతకు అవసరమో కాదో తేల్చుకోవడం మంచిది.