ఓపెన్ టాప్ కారు కొనేవాళ్ళు జాగ్రత్త: అది వాన తేమా, వరద నీళ్ళా?

సెకండ్ హ్యాండ్‌లో ఖరీదైన ఓపెన్ టాప్ కారు కోసం విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల తిరుగుతున్నవాళ్ళు ఉంటే, అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇది చదవండి. నేను 58 లక్షలు పోసి వరదలో మునిగిన కారు కొన్నాను. షాపు పేరు రాయొద్దని లాయరు చెప్పాడు కాబట్టి రాయడం లేదు. కారు కంపెనీ పేరు కూడా రాయను, ఇందులో తయారుచేసినవాళ్ళ తప్పేమీ లేదు.

నాకు ఈ కార్ల పిచ్చి చిన్నప్పటినుంచీ ఉంది. నేను కొన్నది గ్రాండ్ టూరర్ రకం, అంటే రేసు కారు కాదు. ఇద్దరు మనుషులు సామాన్లు వేసుకుని రోజంతా పోయినా నడుము పట్టేయకుండా దిగాలి, దానికోసం కట్టిన బండి. పెద్ద ఇంజను, మెత్తటి సీట్లు, వెనక పిల్లలు సర్దుకుని కూర్చునేంత చోటు. మిర్చిలో రెండు సీజన్లు కలిసొచ్చేసరికి ఆగలేకపోయాను. మన మే నెల ఎండలో టాప్ తీస్తే అప్పడాల్లా వేగుతామని మా ఆవిడ ముందే అంది. సాయంత్రాలు తిరుగుదాంలే అన్నాను.

చూడ్డానికి వెళ్ళిన రోజు కారులోకి తల పెట్టగానే ముక్కుకి తేమ వాసన తగిలింది. దాని మీద మల్లెపూల సెంటు కొట్టారు. అడిగితే షాపతను తడుముకోకుండా, "బట్ట టాప్ కదా సార్, ఈ కార్లకి ఆ మాత్రం వాసన ఉంటుంది" అన్నాడు. నేను మోసపోయింది సరిగ్గా ఈ మాటకే. మామూలు కారులో ఈ వాసన వస్తే ఎవరైనా అనుమానిస్తారు. ఓపెన్ టాప్ అనేసరికి మనమే వాళ్ళ తరఫున సర్దిచెప్పుకుంటాం. ఎనిమిదేళ్ళ బండి, స్టీరింగ్ మీద తోలు అరిగి నున్నగా ఉంది, కింద కార్పెట్ మాత్రం పెళ్ళి పందిట్లో పరిచినంత కొత్తగా ఉంది. అదీ చూశాను. బాగా చూసుకున్నారే అని మురిసిపోయాను కూడా!

ట్రయల్‌కి కాజ టోల్‌గేట్ వైపు హైవే మీద తీసుకెళ్ళారు. నున్నటి రోడ్డు మీద ఏ కారైనా బాగానే పోతుంది.

టాప్ లేని కారు ఎలా నిలబడుతుందో తెలిస్తే ట్రయల్ ఎక్కడ వెయ్యాలో తెలుస్తుంది. మామూలు కారుకి పైకప్పు కూడా బలమే. నులక బిగించి ఉన్నంతసేపూ మంచం కదలదు. నులక విప్పేసి ఒక మూల ఎత్తి చూడండి, పట్టెలన్నీ వంకర తిరుగుతాయి. టాప్ తీసిన కారూ అంతే. అందుకని ఇంజనీర్లు ఆ బలాన్ని కిందకి దింపుతారు. రెండు పక్కలా తలుపుల కింద ఉండే రన్నింగ్ బోర్డుల లోపల గట్టి ఉక్కు పెడతారు, ముందు అద్దం పక్క కమ్మీల్ని బలంగా చేస్తారు, అడుగున అడ్డంగా ఉక్కు పట్టీలు బిగిస్తారు. టాప్ తీశాక కారు తేలికవ్వాలి కదా అనుకుంటాం, బరువెక్కుతుంది. బెంట్లీ కాంటినెంటల్ మూడో తరంలో డబ్ల్యూ12 ఇంజనుతో వచ్చిన కూపే, అంటే గట్టి పైకప్పు ఉన్నది, 2,244 కిలోలైతే, అదే ఇంజను ఓపెన్ టాప్‌ది 2,414 కిలోలు. 170 కిలోల తేడా. నాది ఆ కారు కాదు, లెక్క అర్థమవ్వాలని చెప్పాను.

ఆ బలమంతా ఉండేది నేలకి జానెడు ఎత్తులో, లోపల బోలుగా ఉండే పెట్టెల్లో. వరద నీళ్ళు ముందు దూరేది అక్కడికే. నీళ్ళు పోతాయి, బురద లోపలే ఉండిపోతుంది. తుప్పు లోపలినుంచి తింటుంది, పైన పెయింటు మాత్రం అద్దంలా మెరుస్తూనే ఉంటుంది. మామూలు కారుకి రన్నింగ్ బోర్డు తుప్పు పట్టడం ఒక ఎత్తు, పైకప్పు మోయాల్సిన భారం కూడా దానిమీదే పడ్డ ఈ కారుకి పట్టడం ఇంకో ఎత్తు.

నాకు ఇదంతా తెలియడానికి రెండు నెలలు పట్టింది. ఒక సాయంత్రం అమ్మని ఎక్కించుకుని పున్నమి ఘాట్ వైపు వెళ్ళాను. చినుకులు మొదలయ్యాయి. పక్కన ఆపి టాప్ వేసే బటన్ నొక్కాను. డిక్కీ మీది మూత లేచింది, టాప్ సగం దాకా వచ్చి, పాత గొడుగు ఇరుక్కున్నట్టు ఆగిపోయింది. ఇటూ రాదు, అటూ పోదు. వాన పెద్దదైంది. చుట్టూ కుర్రాళ్ళు చేరి ఫోన్లు తీశారు. అమ్మ కొంగు తల మీద వేసుకుని, "ఇంతోటి కారుకి ఒక రేకు వేయించలేకపోయావా నాన్నా" అంది.

ఈ టాప్ పని చాలా వరసగా జరగాలి. కరెంటు పంపు నూనెని ఒత్తిడితో సిలిండర్లలోకి తోస్తుంది, అవి మూతనీ టాప్‌నీ ఎత్తుతాయి. ఒక్కో మెట్టు పూర్తయిందని సెన్సార్లు చెబితేనే తర్వాతి మెట్టు. ఇందాక చెప్పిన బెంట్లీలో ఈ తతంగమంతా 19 సెకన్లలో, గంటకి 50 కిలోమీటర్ల వేగం లోపు నడుస్తూ కూడా అయిపోతుంది. ఒక్క సెన్సార్ మూగబోతే మాత్రం అంతా అక్కడే ఆగుతుంది. నా కారులో ఆ పంపు ఉన్నది డిక్కీ అడుగున.

లాగించుకుని ఆటోనగర్‌లో తెలిసిన మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన స్కానర్ తీయలేదు. డిక్కీలో కార్పెట్ లేపి, పంపు చుట్టూ ఉన్న స్పాంజి పక్కకి జరిపి, కింద వేలితో గీశాడు. వేలికి గంధంలా మెత్తటి ఒండ్రు అంటుకుంది. తర్వాత డ్రైవరు సీటు బెల్టు పట్టుకుని చివరిదాకా లాగాడు. మనం రోజూ అంత లాగం. చుట్టలో లోపల ఉండే ఆఖరి మూర, టీ వడకట్టిన గుడ్డ రంగులో ఉంది. రంగు మారినచోట గీత గీసినట్టు అంచు. "2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగాక సింగ్‌నగర్ నుంచి వచ్చిన బళ్ళన్నిటికీ ఇదే గీత సార్. నెలల తరబడి ఇదే పని చేశాం" అన్నాడు. కానీ నాది తమిళనాడు బండి. పాత పాలసీ కాగితాలు తెప్పిస్తే, 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుపానుకి చెన్నై మునిగిన తర్వాత పెద్ద క్లెయిమ్ ఒకటి బయటపడింది.

వాన నీళ్ళకీ వరద నీళ్ళకీ తేడా ఆయనే చెప్పాడు. బట్ట టాప్ కార్లలో వాన నీళ్ళు పోవడానికి సన్న గొట్టాలుంటాయి, ఆకులు చేరి అవి మూసుకుపోతే కార్పెట్ తడుస్తుంది. అది నిజమే, అదీ రిపేరే, కానీ ఆ నీళ్ళు పైనుంచి వస్తాయి. సీటు కింద స్ప్రింగుల్లోనూ, స్పేర్ టైరు గుంటలోనూ, డాష్‌బోర్డు వెనక వైర్ల ముడుల్లోనూ సన్న ఒండ్రు ఉందంటే అది కిందనుంచి లేచిన నీళ్ళే. పాత టాప్ కారింది అని ఎవరు చెప్పినా నమ్మకండి.

టాప్ మూసి తలుపు తీసి చూడండి. ఈ కార్లలో అద్దానికి ఫ్రేము ఉండదు, హ్యాండిల్ లాగగానే అద్దం కొంచెం కిందకి జారి, తలుపు వేశాక పైకి లేచి రబ్బరులో కూర్చోవాలి. నాది జారలేదు, రబ్బరు చీరుకుంటూ వచ్చింది. షాపులో నాకోసం తలుపు ముందే తీసి ఉంచింది మర్యాదకి అనుకున్నాను. ఒక చక్రాన్ని ఎత్తైన గట్టు మీదకి ఎక్కించి తలుపులు తీసి వేయండి. మామూలుగా పడాలి. బిగుసుకుంటే బాడీ మెలితిరుగుతోందని అర్థం. టాప్ తీసి, గతుకుల రోడ్డు మీదే ట్రయల్ వెయ్యండి. లోపలి అద్దంలో వెనక బండి నంబరు చదవలేనంతగా వణికితే దిగి వచ్చేయండి.

ఇన్సూరెన్స్ విషయంలో ఒక చిక్కు ఉంది. క్లెయిమ్ తీసుకోని ఏళ్ళకి ప్రీమియంలో తగ్గించే నో క్లెయిమ్ బోనస్, ఓనరు మారితే బండితో రాదు, పాత ఓనరు దగ్గరే ఉంటుంది. అందుకని షాపువాళ్ళు చూపించే కొత్త పాలసీలో సున్నా కనిపించినా ఏమీ తెలియదు. అసలు ఓనరు పేరుతో ఉన్న పాత పాలసీలు అడగండి. ఏళ్ళ తరబడి పెరుగుతూ వచ్చిన బోనస్ ఉన్నట్టుండి సున్నా అయితే ఆ ముందు ఏడాది క్లెయిమ్ తీసుకున్నారేమో అని అనుమానించాలి.

నన్ను అన్నిటికంటే భయపెట్టింది డబ్బు కాదు. కారు తిరగబడితే తలలు కాపాడటానికి వెనక సీటు వెనకనుంచి లేచే కమ్మీలుంటాయి. 1989లో మెర్సిడెస్ ఎస్ఎల్‌లో వచ్చినవి 0.3 సెకన్లలో లేచేవి. నా కారులో ఆ కమ్మీలుండే గొట్టాల్లోంచి మేస్త్రీ స్పూనుతో ఒండ్రు తీశాడు. దీంట్లో మా పిల్లల్ని ఎక్కించి హైదరాబాద్ వెళ్ళొచ్చాను.

పంపు, సిలిండర్లు, రెండు కంట్రోల్ బోర్డులకే 14 లక్షల ఎస్టిమేట్ ఇచ్చారు. రన్నింగ్ బోర్డుల సంగతి కోసి చూస్తేగానీ చెప్పలేమన్నారు. కట్టింది 50 లక్షలు దాటింది కాబట్టి జిల్లా వినియోగదారుల కమిషన్ కాదు, రాష్ట్ర కమిషన్‌కి వెళ్ళాలని లాయరు చెప్పాడు. కాగితాలు సిద్ధం చేస్తున్నాం.

మొన్న ఆదివారం అదే షాపు ముందునుంచి వెళ్ళాను. తెల్లది, ఇంకో ఓపెన్ టాప్ నిలబెట్టారు. కిటికీలోంచి తొంగి చూశాను. కార్పెట్ కొత్తది.