డయ్యూలో రెండు ఖుక్రీలు

సోమనాథ దర్శనానికి వెళ్లే తెలుగు యాత్రికుల్లో చాలామంది, అక్కడికి తొంభై కిలోమీటర్ల లోపే ఉన్న డయ్యూను బీచ్‌ల కోసమో, గుజరాత్‌లో అమ్మని మద్యం కోసమో చుట్టి వస్తారు. మేమిద్దరం మాత్రం 1971 డిసెంబరు 9 రాత్రి ఈ తీరానికి సుమారు నలభై నాటికల్ మైళ్ల దూరంలో పాకిస్తాన్‌తో యుద్ధంలో మునిగిపోయిన మన యుద్ధనౌక ఐఎన్ఎస్ ఖుక్రీ స్మారకం చూడడానికే మూడు రోజులు అక్కడ ఉన్నాము.

మొదటి రాత్రి నాగోవా బీచ్ దగ్గర బస చేయడం మా పొరపాటు. శని, ఆదివారాల్లో అక్కడ తెల్లవార్లూ పాటలే. గదిలో వేడినీళ్లు వస్తాయని చెప్పిన లాడ్జివారు ఉదయం బకెట్టుతో సరిపెట్టారు. మర్నాడు ఊళ్లోకి, కోటకు నడిచి వెళ్లగలిగే ఒక చిన్న అతిథిగృహానికి మారాము. గది ఇరుకే అయినా నిద్ర పట్టింది.

స్మారకం చక్రతీర్థ్ బీచ్ పక్కన, సముద్రానికి ఎదురుగా ఉన్న చిన్న గుట్ట మీద ఉంది. గాజు గదిలో ఓడ నమూనాను నిలిపారు. వచ్చినవారిలో ఎక్కువమంది దాని ముందు ఫోటో దిగి, సూర్యాస్తమయం వైపు తిరుగుతారు. కాస్త ఆగినవారు ఓడ కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా గురించి మాట్లాడుకుంటారు. తన లైఫ్ జాకెట్‌ను ఒక నావికునికి ఇచ్చి, ఓడతోపాటే మునిగిపోయిన ఆయనకు మరణానంతరం మహావీర చక్ర ప్రకటించారు. ఆ గౌరవం ఆయనకు తగినదే. కాని ఆ రాత్రి పోయినవారు 18 మంది అధికారులు, 176 మంది నావికులు. నేను వెళ్లింది ఆ 176 మంది కోసం.

పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్‌ను వెతుకుతూ వెళ్లిన ఖుక్రీ, నీటి అడుగున ఉన్నవాటిని ధ్వనితో పసిగట్టే సోనార్ మీద జరుగుతున్న ఒక ప్రయోగం కారణంగా వేగం తగ్గించి నడుస్తోంది. హంగోర్ మొదటి టార్పెడోను తోడు నౌక కిర్పాన్ మీదికి వదిలింది, అది పేలలేదు. రెండవది ఖుక్రీకి తగిలింది. రాత్రి తొమ్మిది కావస్తున్న ఆ వేళ, పనివంతు లేని నావికులు చాలామంది కింది అంతస్తుల్లో ఉన్నారు. రేడియోలో వార్తలు వింటున్నామని బతికి బయటపడినవారు చెప్పారు. కొద్ది నిమిషాల్లో ఓడ మునిగింది. పైనున్నవానికి దూకే అవకాశమైనా దొరికింది. కిందనున్నవానికి చీకట్లో ఇరుకు నిచ్చెన ఒక్కటే దిక్కు. బతికిన 67 మందిని మర్నాడు ఐఎన్ఎస్ కట్చల్ నీళ్లలోంచి ఎత్తుకుంది. విశాఖ బీచ్‌లో కుర్సురా జలాంతర్గామి లోపల తల వంచుకుని నడిచినవారికి ఆ ఇరుకును వేరే వర్ణించనక్కర లేదు.

విశాఖతో సంబంధం అంతటితో ఆగదు. ఆ కాలంలో పదహారు, పదిహేడేళ్ల కుర్రవాళ్లను నావికులుగా తీర్చిదిద్దిన శిక్షణ కేంద్రం అక్కడే ఉండేది. అదే పేరుతో 1989లో సేవలో చేరిన రెండవ ఖుక్రీ కూడా 2021 డిసెంబరు 23న విశాఖలోనే విరమించి, మరుసటి నెలలో ప్రదర్శనశాలగా మార్చడానికి డయ్యూ పాలనాయంత్రాంగం చేతికి వచ్చింది. మొదటి ఖుక్రీ సముద్రం అడుగునే ఉండిపోయింది కనుక, చేత్తో తాకి చూడాలంటే ఈ రెండవదే ఆధారం. సమయం తక్కువైతే నేను నాయిడా గుహలను వదిలేస్తాను కాని దీన్ని వదలను.

ఆటోవాళ్లు ఊరంతా తిప్పుతామని ఒకే ధర చెబుతారు. స్మారకం దగ్గర అరగంటకు మించి ఆగరు. అద్దె స్కూటరు మేలు. సాయంత్రం నాలుగు తర్వాత వెళితే ఎండ తగ్గుతుంది, కాని చీకటి పడ్డాక ఆ దారిలో తిరుగు ఆటో దొరకడం కష్టం. మేము దాదాపు రెండు కిలోమీటర్లు నడిచాము. సముద్రం వైపు చేపల పడవల దీపాలు రెండు మూడు తప్ప ఏమీ కనబడలేదు.