పాత బెంజా, పాత బీఎండబ్ల్యూనా, స్కోడా సూపర్బా: గుంటూరులో ఉండి కొంటే ఏది మేలు?

మా బావగారు ఈ ఏడాది ఒకటే ప్రశ్న కనీసం పదిసార్లు అడిగారు. ఆయనొక్కరే అయితే ఫోన్లో చెప్పి ఊరుకునేవాణ్ణి. అరండల్‌పేటలో టీకి కలిసే స్నేహితులు, ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడు, ఆఖరికి మా అపార్ట్‌మెంట్ మూడో ఫ్లోర్ డాక్టరుగారు కూడా లిఫ్టులో ఆపి అదే అడిగారు. "కొత్త చిన్న ఎస్‌యూవీకి పెట్టే డబ్బులో పాత బెంజ్ వస్తోంది కదా, తీసుకుంటే ఏమవుతుంది? బెంజ్ మేలా, బీఎండబ్ల్యూ మేలా?" నా దగ్గర 2013 బెంజ్ ఈ-క్లాస్ ఉంది కాబట్టి నాకు తెలుసని వాళ్ల నమ్మకం. తెలిసింది కొంతే, అది కూడా బిల్లులు కట్టాక తెలిసింది.

ఇలాంటి బండి కొనేది దూర ప్రయాణాలకే. దానికని చేసిన బండిని గ్రాండ్ టూరర్ అంటారు, అది రెండు తలుపుల పొడవాటి బండి అని పుస్తకాల్లో ఉంటుంది. అవి మన వైపు సెకండ్ హ్యాండ్‌లో దాదాపు దొరకవు. దొరికినా అమ్మానాన్నల్ని వెనక కూర్చోబెట్టి పెళ్లికి తీసుకెళ్లలేం. తెల్లవారుజామున గుంటూరులో బయల్దేరి, మధ్యాహ్నానికి చెన్నైలో దిగి, నడుం పట్టేయకుండా మామూలుగా నడిచి లోపలికి వెళ్లగలిగితే అదే మనకు గ్రాండ్ టూరర్. ఆ పని చేసే పెద్ద డీజిల్ సెడాన్లు బడ్జెట్లో మూడున్నాయి. 2009 నుంచి 2016 దాకా వచ్చిన బెంజ్ ఈ-క్లాస్‌లో ఈ250 సీడీఐ, 2010 తర్వాతి బీఎండబ్ల్యూ ఫైవ్ సిరీస్‌లో 520డి, రెండో తరం స్కోడా సూపర్బ్ 2.0 టీడీఐ.

రోడ్డు మీద ఎవరి తీరు వారిది. 520డి 184 హార్స్‌పవర్, దానికి తగ్గ ఎనిమిది గేర్ల జడ్‌ఎఫ్ కంపెనీ ఆటోమేటిక్ గేర్‌బాక్సు. ఊరు దాటి రోడ్డు ఖాళీ అయ్యాక అది నడిపినవాడికి ఇంకోటి ఆనదు. ఈ250 లో 204 హార్స్‌పవర్ ఉంటుంది, 500 న్యూటన్ మీటర్ల టార్క్ (లాగే బలం) ఉంటుంది, కానీ తొందరపెట్టదు. ఒంగోలు ఎప్పుడొచ్చిందో, నెల్లూరు ఎప్పుడు దాటిందో తెలియదు. పొద్దున్నే స్టార్ట్ చేస్తే మాత్రం ట్రాక్టర్‌లా టకటకలాడుతుంది. అర కోటి పెట్టి కొన్న మొదటి ఓనరు ఆ చప్పుడు విని ఏమనుకున్నాడో! సూపర్బ్ 140 హార్స్‌పవరే, బానెట్ మీద బ్యాడ్జీ చూసి ఎవరూ పక్కకి తప్పుకోరు. కానీ వెనక సీట్లో కాలు మీద కాలేసుకుని పేపర్ చదువుకోవచ్చు. ఆ స్థలం మిగతా రెండిట్లో లేదు. మైలేజీ హైవే మీద మూడూ అటూఇటుగా పదహారు ఇస్తాయి. అది పట్టుకుని వాదించుకోవడం అనవసరం. చెన్నై వెళ్తే సూళ్లూరుపేట దాటాక తమిళనాడులో ట్యాంక్ నింపించుకోండి, ఆ తేడాయే ఎక్కువ.

నా లెక్కలో విషయాన్ని తేల్చేది బండి నడక కాదు, స్పేర్ల ధర కూడా కాదు. బండి ఆగిపోయిన రోజు నుంచి మళ్లీ రోడ్డెక్కే రోజు దాకా ఎన్ని రోజులు? ఖర్చు ఎంతో ముందే తెలిస్తే ఎలాగో సర్దుకుంటాం. షెడ్డులో ఉన్న బండి ఎప్పుడొస్తుందో చెప్పేవాడు లేకపోతేనే టెన్షన్.

పోయినేడాది మే నెలలో ఒంగోలు నుంచి వస్తుంటే చిలకలూరిపేట దగ్గర కూలెంట్ తగ్గిందని డ్యాష్‌బోర్డులో మెసేజ్ వచ్చింది. పక్కకి తీసి, చెట్టు నీడ చూసి ఆపి, గంటసేపు చల్లారనిచ్చి, రెండు బాటిళ్ల మంచినీళ్లు పోసి, ఏసీ కట్టేసి మెల్లగా ఇంటికి చేర్చాను. మర్నాడు విజయవాడ ఆటోనగర్‌లో నేను నమ్మే షెడ్డుకి తీసుకెళ్లాను. అక్కడి మెకానిక్ భాయ్ బండి కిందికి దూరి వాటర్ పంపు మీద టార్చి వేశాడు. పంపు అంచున తెల్లగా ఉప్పు పేరుకున్నట్టు ఒక మరక, కిందికి చార కట్టి ఉంది. బొటనవేలి గోరుతో గీకి నాకు చూపించాడు. "ఇది నిన్నటి లీకేజీ కాదు సార్, మూడు నెలల నుంచి ఏడుస్తోంది." ఈ ఇంజిన్‌కి పంపు లీకేజీ పేరున్న జబ్బేనని తర్వాత తెలిసింది.

పంపు మార్చడానికి ఒక్క పూట పట్టింది. పంపు రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. మొదట వచ్చిన పార్సిల్‌లో వేరే నంబరు పంపు ఉంది, తిప్పి పంపాం. తప్పు నాదే. ఛాసిస్ నంబరు ఇవ్వకుండా మోడల్, సంవత్సరం చెప్పి ఆర్డర్ పెట్టాను. ఒకే ఏడాది బండికి రెండు రకాల పంపులుంటాయని అప్పటిదాకా నాకు తెలియదు. ఆ తొమ్మిది రోజులూ మా పాత వ్యాగన్ఆర్ మమ్మల్ని మోసింది. అది లేకపోతే ఆఫీసుకి ఆటోలో వెళ్తూ, ఇంటిపక్కవాళ్లకి "బెంజ్ ఏది?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పుకునేవాణ్ణి.

ఆటోనగర్ పనితనానికి వంక పెట్టలేం. లారీ ఛాసిస్ ఇచ్చి బాడీ కట్టమంటే కట్టిచ్చే చోటు అది. ఇనుము, రబ్బరు, నూనెతో అయ్యే పని ఏదైనా అక్కడ అవుతుంది. చిక్కల్లా ల్యాప్‌టాప్ దగ్గర. బెంజ్‌కి దాని స్కానర్ కావాలి, బీఎండబ్ల్యూకి దానిది కావాలి. బ్యాటరీ మార్చినా బీఎండబ్ల్యూకి కొత్తది పెట్టామని కంప్యూటర్‌లో రిజిస్టర్ చేయాలి. చేయకపోతే పాత బ్యాటరీ అనుకునే ఛార్జ్ చేస్తూ పోతుంది.

ఈ లెక్కన సూపర్బ్ సులువుగా ముందుకొస్తుంది. అదే 2.0 టీడీఐ కుటుంబం ఇంజిన్ స్కోడా లారాలో ఉంది, ఫోక్స్‌వ్యాగన్ జెట్టాలో ఉంది, పసాట్‌లో ఉంది. ఆ బండ్లు మన ఊళ్లలో చాలానే తిరిగాయి, కాబట్టి స్పేర్ ఒకచోట లేకపోతే ఇంకోచోట ఉంటుంది. స్కానింగ్‌కి వీసీడీఎస్ కేబుల్, ఒక ల్యాప్‌టాప్ చాలు. ఆ కేబుల్ ఉన్న కుర్రాళ్లు గుంటూరులోనే ఉన్నారు. ఒక్క జాగ్రత్త ఉంది. డీజిల్‌తో వచ్చేది నూనెలో మునిగి పనిచేసే క్లచ్‌లున్న ఆరు గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్సు. ప్రతి 60,000 కిలోమీటర్లకు ఆయిల్, ఫిల్టర్ మారిస్తే నమ్మకంగా ఉంటుంది. పెట్రోల్ 1.8 టీఎస్‌ఐ ఆటోమేటిక్‌లో ఉన్నది పొడి క్లచ్‌ల ఏడు గేర్లది. గేర్లు మార్చే దాని మెకట్రానిక్ యూనిట్ పోయిందంటే కొన్న ధరలో పెద్ద ముక్క పోయినట్టే. పైగా ఆ పెట్రోల్ ఇంజిన్ ఆయిల్ తాగుతుందన్న పేరు కూడా ఉంది. ధర తక్కువ చెబుతున్నారంటే ఎక్కువగా అదే అయి ఉంటుంది, చూసుకోండి.

బీఎండబ్ల్యూ మీద నాకు మనసున్నా చెయ్యి ఎందుకు వెనక్కి తీశానంటే టైమింగ్ చైన్, అంటే ఇంజిన్ లోపల వాల్వుల్ని వేళకి తెరిపించే గొలుసు. 520డి లో 2014 దాకా వచ్చిన ఎన్47 ఇంజిన్‌కి చైన్ ముందువైపు కాకుండా వెనక, గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. అది సాగితే మార్చడానికి గేర్‌బాక్సో ఇంజినో కిందికి దించాల్సిందే. తెగితే ఇంజిన్ మీద ఆశ వదులుకోవచ్చు. 2007 నుంచి 2011 వరకు తయారైన వాటి మీద ఫిర్యాదులు ఎక్కువ. బెంజ్ ఈ250 లోనూ చైన్ వెనకే ఉంటుంది, కానీ దానికి అంత చెడ్డ పేరు లేదు. చైన్ సంగతి తెలియాలంటే ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, వెనకవైపు నుంచి గొలుసు రాసుకుంటున్నట్టు గరగర వస్తుందేమో వినాలి. ఇంకోటి, బీఎండబ్ల్యూ ఆ ఎనిమిది గేర్ల బాక్సులోని ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదంటుంది. బాక్సు తయారుచేసిన జడ్‌ఎఫ్ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. జీవితాంతం అంటే ఎవరి జీవితమో మొదటి ఓనరు అడిగి ఉండడు. మార్చిన బిల్లు ఉందేమో మీరు అడగండి.

బెంజ్ నాది కాబట్టి వెనకేసుకొస్తున్నాననుకుంటారేమో, దాని రోగమూ చెబుతాను. ఏడు గేర్ల బాక్సు లోపల కండక్టర్ ప్లేట్ అని ఒక ఎలక్ట్రానిక్ పలక ఉంటుంది, స్పీడ్ సెన్సర్లు దాని మీదే. అది పోతే బండి ఒకే గేర్లో ఇరుక్కుని మెల్లగా పాకుతుంది. పాతది ఇంకో బండిలోంచి తీసి పెడదామంటే కుదరదు, దొంగతనాలు ఆపడానికని బండి ఛాసిస్ నంబరుతో ముడిపెట్టి ఉంటుంది. కొత్తది తెచ్చి కోడింగ్ చేయించాలి. నాకింకా ఆ ముచ్చట జరగలేదు. జరిగినా మళ్లీ బెంజే కొంటాను. నాలుగు వందల కిలోమీటర్లు నడిపి దిగాక అలసట లేకపోవడం అన్నదాన్ని ఏ స్పేర్ ధరతో తూచాలో నాకు తెలియదు.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. పదేళ్ల ప్లాస్టిక్ ఎంత? కూలెంట్ ట్యాంకు, హోస్ చివర ప్లాస్టిక్ జాయింట్లు చల్లటి దేశంలో ఇంకో ఐదేళ్లు బతుకుతాయేమో గానీ ఇక్కడ చేత్తో నొక్కితే బిస్కెట్‌లా విరుగుతాయి. ఈ విషయంలో బీఎండబ్ల్యూ ఎక్కువ అల్లరి పెడుతుంది. ఏది కొన్నా మొదటి వేసవి రాకముందే ఇవన్నీ మార్పించేయండి. విజయవాడ బెంజ్ సర్కిల్‌లో బెంజ్ ఆవిర్లు కక్కుతూ ఆగితే సాయానికొచ్చే వాళ్లకంటే ఫొటో తీసేవాళ్లు ముందుంటారు.

ఢిల్లీ బండి చవక అని పరిగెత్తే వాళ్లకి ఒక మాట. పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద అక్కడ 2015 నుంచి నడుస్తున్న గొడవ వల్ల ధర తక్కువగా ఉంటుంది, నిజమే. కానీ ఇక్కడికి తెచ్చి ఏపీ నంబరు వేయించాలంటే లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ ట్యాక్స్ మీరు కొన్న ధర మీద కాదు, బండి కొత్తగా ఉన్నప్పటి ఇన్వాయిస్ ధర మీద. వయసును బట్టి శాతం తగ్గుతుంది గానీ, యాభై లక్షల బండికి ఆ తగ్గిన శాతం కూడా తక్కువేం కాదు. అక్కడి ఆర్టీవో ఇచ్చే ఎన్‌ఓసీ, రవాణా, ట్యాక్స్ కలుపుకుంటే చాలాసార్లు ఇక్కడి బండి ధరకే తేలుతుంది. రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు అయిపోతుందన్నది కూడా గుర్తుంచుకోండి. 2013 బండికి మిగిలిన కాలం ఎంతో వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు.

ఇన్సూరెన్స్ గురించి ఎవరూ అడగరు, అడగాల్సింది అదే. పాత బండికి ఐడీవీ, అంటే ఇన్సూరెన్స్ కంపెనీ బండికి కట్టే విలువ, తక్కువ. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే టోటల్ లాస్ కింద తీసేస్తారు. ఈ బండ్లకి ఒక హెడ్‌లైటు, బంపరు, రేడియేటర్ పోతేనే బిల్లు అటువైపు నడుస్తుంది.

మిగతావి కూడా అడిగారు కాబట్టి చెబుతున్నాను. ఆడి ఏ6 బాగుంటుంది, కానీ పాతవాటిలో మల్టీట్రానిక్ సీవీటీ గేర్‌బాక్సు బాగుచేసేవాళ్లు మన దగ్గర లేరు. జాగ్వార్ ఎక్స్‌ఎఫ్ అందానికి వంద మార్కులు, స్పేర్లకి సున్నా. క్యామ్రీ హైబ్రిడ్ కొంటే ఏ బాధా ఉండదు, చెప్పుకోవడానికి కబుర్లూ ఉండవు. పన్నెండేళ్ల ఎస్-క్లాస్ ధర చూసి ఆశపడేవాళ్లు ఎయిర్ సస్పెన్షన్ నాలుగు మూలలకీ ఎంతవుతుందో ముందు కనుక్కోండి, తర్వాత మాట్లాడుకుందాం.

నా బండి తొమ్మిది లక్షలకు వచ్చింది. మొదటి ఏడాదిలోనే నాలుగు టైర్లు, ముందు చక్రాల్ని పట్టుకునే లోయర్ ఆర్ములు, బ్యాటరీ, గేర్‌బాక్స్ ఆయిల్, ఆ పంపు కలిపి రెండు లక్షల ముప్పై వేలు దాటింది. రెండో ఏడాది నలభై వేలతో సరిపోయింది. కొన్న ధరలో పావు వంతు పక్కన పెట్టుకోలేనివాళ్లు బ్యాడ్జీ జోలికి పోవద్దని అందుకే చెబుతున్నాను. ఇంట్లో ఉండేది ఒక్క బండే అయితే సూపర్బ్ డీజిల్. రెండో బండి ఇంట్లో ఉంటే ఈ250. చైన్ మార్చిన బిల్లు కళ్లారా చూస్తేనే 520డి.

ఇదంతా బావగారికి రెండు గంటలు చెప్పాను. అన్నిటికీ తలూపి, "సరేగానీ తెనాలిలో ఒక 520డి ఉందట, చూసొద్దాం రావోయ్" అన్నారు. ఆదివారం వెళ్లాం. తెల్ల రంగు, 2012 మోడల్, బయట గీత లేదు. అమ్మే ఆయన మర్యాదస్తుడు, మేం వెళ్లేసరికి బండి తుడిచి ఇంటి ముందు పెట్టించాడు. బావగారు డ్రైవర్ సీట్లో కూర్చుని స్టీరింగ్ నిమురుతున్నారు. నేను బానెట్ మీద అరచెయ్యి పెట్టాను. వేడిగా ఉంది. "ఇందాకే షెడ్డు నుంచి తీసుకొచ్చానండి" అన్నాడాయన. ఇంజిన్ స్టార్ట్ చేస్తే గరగర లేదు, ఏమీ లేదు, వెన్నలా ఉంది. బావగారు నావైపు గెలిచినట్టు చూశారు. రేపు ఉదయం ఆరింటికి వస్తామని, అప్పటిదాకా తాళం ముట్టుకోవద్దని ఆయనకి చెప్పి వచ్చేశాం.