మెత్తటి బంకమట్టి మీద కట్ట: సర్‌చార్జ్ తీయడానికి అసావోకా మేలా, బేసియన్ మేలా?

మెత్తటి నేలలోని నీరు త్వరగా పోయేలా పీవీడీలు (నిలువు డ్రెయిన్ పట్టీలు) దింపి, నేలను ముందే కుంగదీయడానికి సర్‌చార్జ్ (తర్వాత తీసేసే అదనపు మట్టి బరువు) పోసి, వారం వారం సెటిల్‌మెంట్ (కుంగుదల) ప్లేట్ల రీడింగులు రాసుకునే ఇంజనీర్లు పదేపదే అడిగే ప్రశ్న ఇది: "అసావోకా గీత గీస్తే చివరి సెటిల్‌మెంట్ వచ్చేస్తుంది కదా, మళ్లీ ఈ బేసియన్ లెక్కెందుకు?" అసావోకా అంటే రీడింగులతో గీత గీసి చివరి సెటిల్‌మెంట్‌ను అంచనా కట్టే పద్ధతి; బేసియన్ అంటే ముందున్న అంచనాను రీడింగులతో సవరించి సంభావ్యతలు చెప్పే పద్ధతి. విశాఖ, కాకినాడ తీరాల మెరైన్ క్లే (సముద్రపు బంకమట్టి) మీద పనిచేసేవాళ్లకు ఈ ప్రశ్న బరువు తెలుసు. సర్‌చార్జ్ తొందరపడి తీస్తే రోడ్డు వేశాక కుంగుతుంది. ఆలస్యం చేస్తే పై పనంతా ఆగుతుంది.

అసావోకా 1978లో చెప్పిన పద్ధతికి సులువే బలం. సమాన వ్యవధిలో తీసిన రీడింగులు, ఒక్కో రీడింగుకు ఎదురుగా దాని తరువాతి రీడింగును పెట్టిన ఒక గ్రాఫు, ఆ చుక్కల మీదుగా ఒక గీత చాలు. ల్యాబ్ విలువలు అక్కర్లేదు. లోడు మారకుండా ఉండి, కన్సాలిడేషన్ (నీరు పోయి మట్టి బిగుసుకోవడం) 60 శాతం దాటిందంటే ఇంకో పద్ధతి వెతకాల్సిన పనే లేదు. చిక్కంతా అంతకుముందు దశలోనే. గీత ఇంటర్‌సెప్ట్‌ను (నిలువు అక్షాన్ని తాకే విలువను) "ఒకటి మైనస్ వాలు"తో భాగిస్తాం కదా. వాలు 0.90, ఇంటర్‌సెప్ట్ 75 మి.మీ. అయితే చివరి సెటిల్‌మెంట్ 750 మి.మీ. రీడింగులన్నీ 400 మి.మీ. చుట్టుపక్కలే ఉన్నాయనుకోండి. ఆ మధ్య బిందువు దగ్గర గీత కొంచెం తిరిగి వాలు 0.92 అయితే జవాబు 838కి పోతుంది, 0.88 అయితే 692కి దిగుతుంది. ఎటు తిరిగినా గీత చుక్కలకు అతికినట్టే కనిపిస్తుంది. మిగులు సెటిల్‌మెంట్ (సర్‌చార్జ్ తీశాక ఇంకా కుంగేది) 100 మి.మీ. లోపు ఉండాలని షరతు పెట్టుకున్న చోట, ఈ 146 మి.మీ. తేడాతో సర్‌చార్జ్ తీయమని ఎలా సంతకం పెడతాం?

రీడింగులకు హైపర్‌బోలా వక్రరేఖ అతికించే పద్ధతిదీ ఇదే ఇబ్బంది. తొలి దశలో అది ఎక్కువ చూపుతుంది. ఫైనైట్ ఎలిమెంట్ బ్యాక్ అనాలిసిస్ (కంప్యూటర్ మోడల్‌ను కొలతలకు సరిపోయేలా సర్దడం) పెద్ద పనులకే గిట్టుబాటు.

బేసియన్‌లో ల్యాబ్, పీజోకోన్ (నేలలోకి గుచ్చి దాని నిరోధం, నీటి పీడనం కొలిచే పరికరం) సమాచారాన్ని పారేయం. దాన్నే ముందు అంచనాగా పెట్టి, రీడింగులతో సవరిస్తాం. దీనికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, స్ప్రెడ్‌షీట్ చాలు. తెలియనివి రెండే పెట్టుకోండి: చివరి సెటిల్‌మెంట్ ఒకటి, సీహెచ్‌ను (నీరు అడ్డంగా డ్రెయిన్ వైపు పోయేటప్పటి కన్సాలిడేషన్ వేగాన్ని) డ్రెయిన్ ఎఫ్ విలువతో (డ్రెయిన్ల ఎడం, స్మియర్‌ను బట్టి వచ్చే అంకెతో) భాగించగా వచ్చేది రెండోది. సీహెచ్‌నీ స్మియర్‌నీ (డ్రెయిన్ దింపేటప్పుడు చుట్టూ చెదిరిన మట్టి ప్రభావాన్ని) విడివిడిగా వెతికితే ఎన్ని రీడింగులున్నా తేలవు, ఎందుకంటే డ్రెయిన్లున్న నేల కన్సాలిడేషన్‌ను లెక్కగట్టే హాన్స్‌బో సూత్రంలో అవి ఎప్పుడూ భాగహారంగానే కలిసి వస్తాయి. ఒక్కోదానికి 50 విలువలు తీసుకుంటే 2,500 గడులు. ప్రతి గడిలో సెటిల్‌మెంట్ వక్రరేఖ లెక్కగట్టి, కొలతతో పోల్చి, ముందు అంచనా బరువుతో గుణించి, మొత్తం 1 అయ్యేలా సరిచేయాలి. అప్పుడు "ఇవాళ తీస్తే మిగులు 100 మి.మీ. దాటే అవకాశం ఎంత?" అన్నదానికి నేరుగా జవాబొస్తుంది. దశలవారీగా మట్టి పోస్తున్నప్పటి రీడింగులు కూడా పనికొస్తాయి. అసావోకాలో లోడు నిలకడగా ఉన్నప్పటివే పనికొస్తాయి.

నా ఓటు బేసియన్‌కే, కానీ ఒక షరతుతో. ఎక్కువమంది తప్పు చేసేది ముందు అంచనాలో కాదు, దోషం లెక్కలో. సర్వే దోషం 5 మి.మీ. అని అదొక్కటే పెడితే, ఇరవై వారాల రీడింగులకు ఫలితం సూదిమొనలా సన్నబడుతుంది. అది ఉత్త భ్రమ. మోడల్ దోషం అంతకంటే చాలా పెద్దది, పైగా ఒక వారం ఎక్కువ చూపితే మరుసటి వారం కూడా ఎక్కువే చూపుతుంది. పక్కపక్క వారాల దోషాల మధ్య సహసంబంధం 0.8 ఉంటే, ఇరవై రీడింగులకు ఉండే విలువ దాదాపు మూడు స్వతంత్ర రీడింగులంతే. అందుకే మోడల్ దోషాన్ని లెక్కించిన సెటిల్‌మెంట్‌లో 5 నుంచి 10 శాతంగా విడిగా పెట్టి, వారాల మధ్య సహసంబంధాన్ని కోవేరియన్స్ మాత్రికలో (దోషాలు ఒకదానితో ఒకటి ఎలా ముడిపడ్డాయో చూపే పట్టికలో) చేర్చాలి. ఇది చేయని బేసియన్ కంటే అసావోకా గీతే నయం, అది కనీసం లేని నమ్మకం కలిగించదు.

రెండో జాగ్రత్త పీజోమీటర్ల (నేలలోని నీటి పీడనం కొలిచే పరికరాల) గురించి. తొలి నెలల్లో "వేగంగా, కొంచెమే కుంగే నేల", "నెమ్మదిగా, ఎక్కువ కుంగే నేల" ఒకే వక్రరేఖ చూపగలవు. గడుల పట్టికలో అధిక సంభావ్యత అంతా ఏటవాలు గట్టులా పేరుకుంటే ఇదే జరుగుతోందని అర్థం. అదనపు రంధ్రజల పీడనం (పైబరువు వల్ల మట్టి రంధ్రాల్లోని నీటిలో పెరిగిన పీడనం) రీడింగులను కూడా కలిపితే ఆ గట్టు తెగుతుంది. పీజోమీటర్ మొన నేలతో పాటే కిందికి దిగుతుంది కాబట్టి దాని మట్టాన్ని ప్రతి రీడింగుకూ సవరించాలి. లేకపోతే పీడనం తగ్గనట్టే కనిపిస్తుంది.

కొలత ముందు అంచనాకు చాలా దూరంగా పడితే రెంటికీ మధ్యస్థంగా ఒక సంఖ్య తీసి సర్దుకోవద్దు. సైట్‌కి వెళ్లి చూడాలి: బుల్డోజర్ తగిలి ప్లేట్ గొట్టం వంగిందా, గొట్టం పొడిగించినప్పుడు కొత్త పొడవు రాశారా, బెంచ్‌మార్క్ (మట్టం కొలవడానికి ఆధారమైన గుర్తు) కట్ట ప్రభావం పడే చోటే ఉందా, పీవీడీలు మెత్తటి పొర అడుగుదాకా దిగాయా? ఇవన్నీ తేలాకే సవరణ మొదలుపెట్టాలి.